టెన్షన్ తగ్గించుకోమంటారు, ఎట్లానో చెప్పరు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కడపలో చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. తెల్లవారుజామున మూడున్నరకు లేచి పిండి, చట్నీలు, ఎర్రకారం సిద్ధం చేసుకుంటాం. పెనం దగ్గర నేనే నిలబడతాను. పదకొండున్నరకు మూసి, మళ్లీ సాయంత్రం ఐదుకు తెరుస్తాం. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర. అప్పుడు కూడా నిద్ర రాదు, అప్పుల లెక్కలే కళ్ల ముందు తిరుగుతాయి. వారంలో మూడు రోజులు మందు తాగి పడుకుంటున్నాను, అయినా ఒంటిగంటకే మెలకువ వస్తుంది. రోజుకు పది టీలు తాగుతాను. రెండు నెలలుగా గుండె పట్టేసినట్టు ఉంటే ఈసీజీ, ఎకో తీయించాను. అంతా బాగుంది, టెన్షన్ తగ్గించుకో అన్నాడు డాక్టరు. ఎట్ల తగ్గించుకోవాలో చెప్పలేదు. కూతురి పెళ్లికని మూడు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. రెండేళ్లయింది, నా భార్యకు ఈ సంగతి తెలియదు. కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. పోయిన వారం చట్నీలో ఉప్పు ఎక్కువైందని గిరాకీల ముందే ఆమె మీద అరిచి అట్లకాడ విసిరేశాను. తగల్లేదు. అప్పటినుంచి ఆమె అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. నేను ఇట్లాంటి మనిషిని కాదు.
పేరు వద్దు, కడప

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాట నన్ను చాలాసేపు ఆపేసింది. మీరు ఇట్లాంటి మనిషి కాదన్నది నేను నమ్ముతున్నాను. అయితే నాలుగు గంటల నిద్ర, పది టీలు, పొయ్యి వేడి, ఎవరికీ చెప్పని అప్పు, ఇవన్నీ కలిసి రెండేళ్లు నడిస్తే ఎంత నెమ్మదైన మనిషైనా ఇట్లా అయిపోతాడు.

ముందుగా గుండె సంగతి. పరీక్షలు బాగున్నాయి కాబట్టి రోజూ భయపడక్కర్లేదు. కానీ బరువు ఎత్తినప్పుడో మెట్లు ఎక్కినప్పుడో ఛాతీలో నొప్పి వచ్చినా, అది ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఊపిరి ఆడకపోయినా ‘ఇది టెన్షన్ లే’ అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ, షుగర్ ఈ మధ్య చూపించుకోకపోతే ఈ వారంలోనే చూపించుకోండి.

టెన్షన్ తగ్గించుకో అంటే మనసుకు చెప్పుకుని తగ్గించుకునేది అని చాలామంది అనుకుంటారు. మనసు చెబితే ఒళ్లు వినదు. ఆపద వచ్చిందని మెదడు అనుకోగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పాము కనబడితే పరుగెత్తడానికి ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. అప్పు పాములాగా వచ్చి పోదు కదా, రోజూ ఉంటుంది. అందుకే మీ ఒళ్లు రోజంతా పరుగుకు సిద్ధంగానే ఉంటోంది. దాన్ని దించాలంటే ఒంటికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలి: నిద్ర, ఊపిరి, నడక, తిండి.

వీటిలో నిద్రే మొదటిది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. మీకు దొరుకుతున్నది అందులో సగం. లేచే టైము మార్చుకోండి అని నేను చెప్పలేను, టిఫిన్ హోటల్ ఏడింటికి తెరిస్తే నడవదని తెలుసు. కానీ మధ్యాహ్నం మూసిన తర్వాత ఐదు గంటలకు పైగా ఉంది. ఆ టైములో ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. సరుకులకు తిరగడం, బాకీలకు ఫోన్లు చేయడం అని ఊహిస్తున్నాను. పగలు పడుకుంటే ఇంటికి దరిద్రమని మన నాయనలు చెప్పిన మాట ఐదింటికి లేచేవాళ్ల కోసం. మూడున్నరకు లేచే మీకు మధ్యాహ్నం నిద్ర రాత్రి నిద్రలో మిగిలిన భాగం. తిన్నాక ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, ఫోన్ వేరే గదిలో పెట్టి, కిటికీ మూసి పడుకోండి. మొదటి వారం నిద్ర పట్టకపోవచ్చు. అప్పుడు పడుకున్నచోటే పిడికిళ్లు ఐదు సెకండ్లు గట్టిగా బిగించి వదిలేయండి. తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట చెప్పిన పద్ధతి ఇది. బిగించి వదిలితేనే కండరానికి వదలడం అంటే ఏమిటో తెలుస్తుందన్నది అందులోని సంగతి. పది గంటలు పెనం మీద వంగే భుజాలకు ఇది చాలా పనిచేస్తుంది.

రాత్రి ఒంటిగంటకు మెలకువ రావడానికి మందే చాలావరకు కారణం అయి ఉంటుంది. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ ఒంట్లో అది తగ్గే కొద్దీ రెండో సగం నిద్రను చెడగొడుతుంది. నిద్ర కోసం తాగుతున్నారు కాబట్టి చెబుతున్నాను, అది మీకు నిద్ర ఇవ్వడం లేదు. టీ కూడా అంతే. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన టీ రాత్రి పదకొండుకు సగం ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది. పది టీలు ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, కాబట్టి రెండు రోజులకొకటి చొప్పున తగ్గించండి. మధ్యాహ్నం మూడు తర్వాత టీ బదులు ఉప్పేసిన మజ్జిగ తాగండి. కడప ఎండలో, పొయ్యి ముందు చెమట కారిపోతుంటే నీళ్లు తగ్గినా గుండె దడదడలాడుతుంది, చిరాకు వస్తుంది. పెనం పక్కనే నీళ్ల సీసా పెట్టుకోండి.

ఇక ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది, ఒంటికి ‘ఆపద పోయింది’ అన్న మాట అందుతుంది. దీనికి పొద్దున్నే లేచి చాప పరుచుకోవాల్సిన పని లేదు. దోశ వేసి, కారం పూసి, అది కాలేదాకా నిలబడతారు చూడండి, ఆ కాసేపట్లో నాలుగైదు ఊపిరులు అయిపోతాయి. పొద్దుటి నుంచి ఎన్ని దోశలు వేస్తారో నాకంటే మీకే తెలుసు. అన్నిటికీ కాకపోయినా పదింటికి ఒకటైనా చేయండి. దవడ బిగుసుకున్నట్టు, చెవులు వేడెక్కినట్టు అనిపిస్తే కోపం దగ్గరికి వచ్చిందని గుర్తు. అప్పుడు అట్లకాడ కింద పెట్టి, వెనక్కి వెళ్లి ముఖం మీద చన్నీళ్లు చల్లుకుని రండి. ఒక దోశ మాడినా ఏమీ కాదు.

మీరు రోజంతా నిలబడే ఉంటారు కాబట్టి వ్యాయామం అక్కర్లేదనుకుంటారేమో. ఒకచోట నిలబడటం నడక కాదు, దానివల్ల కాళ్లు వాస్తాయి తప్ప ఒంట్లో బిగువు తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి వ్యాయామం చేయమంటోంది. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు.

ఇంతవరకు చెప్పినదంతా చేసినా, అసలు బరువు మీ ఒక్కరి మీదే ఉన్నంతకాలం సగం ఫలితమే వస్తుంది. మూడు లక్షలకు నూటికి మూడు రూపాయలంటే నెలకు 9,000. రెండేళ్లకు 2,16,000. ఇంత కట్టినా అసలు అట్లాగే ఉంది. ఈ లెక్క మిమ్మల్ని నొప్పించడానికి రాయలేదు. ఇది రోజూ రాత్రి మీ తలలో తిరుగుతున్న లెక్కే, కాగితం మీద పెడితే అది ఒక్కసారి తిరిగి ఆగుతుంది. రోజూ సాయంత్రం హోటల్ తెరిచే ముందు పావుగంట దీనికి కేటాయించండి. ఎవరికెంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, ఈ వారం నా చేతిలో ఉన్నదేమిటి, ఇవి ఒక నోటుపుస్తకంలో రాయండి. రాత్రి మళ్లీ ఆ ఆలోచన వస్తే ‘రేపు నాలుగున్నరకు’ అని చెప్పుకోండి. వెంటనే వినదు, రెండు మూడు వారాలకు వింటుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే వెళ్లి పడుకోండి.

మీ ఆవిడకు చెప్పకపోవడం ప్రేమతోనే అని నాకు అర్థమైంది. ఆమె బాధపడుతుందని దాచారు. కానీ ఇప్పుడు ఆమెకు అప్పు తెలియదు, మీ కోపం మాత్రం తెలుసు. కారణం తెలియని కోపం మనిషిని లోలోపల తినేస్తుంది, ఆమె తన తప్పేమిటో వెతుక్కుంటుంది. పైగా దారి ఆమె దగ్గరే ఉండొచ్చు. ఆమె పొదుపు సంఘంలో ఉంటే బ్యాంకు ఇచ్చే అప్పుకు వడ్డీ సాధారణంగా నెలకు నూటికి రూపాయి చుట్టుపక్కలే ఉంటుంది. ఇంట్లో కాస్త బంగారం ఉంటే, ఆమె ఒప్పుకుంటే, బ్యాంకులో దాని మీద తెచ్చే అప్పు కూడా మీ మూడు రూపాయల కంటే చాలా తక్కువ. ఆ డబ్బుతో వడ్డీ వ్యాపారి బాకీ కొంత తీర్చినా నెలకు కట్టేది తగ్గుతుంది. కొడుకుతో కూడా మాట్లాడండి. మూడో ఏడు చదివే పిల్లవాడు చిన్నవాడేమీ కాదు, ఇంటి పరిస్థితి తెలిస్తే ఖర్చు తనే చూసుకుంటాడు.

అట్లకాడ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. తగల్లేదన్నారు, తగిలి ఉండవచ్చు కూడా. టెన్షన్ దానికి కారణం అవుతుంది గానీ సమర్థన కాదు. నలుగురి ముందు అన్నారు కాబట్టి క్షమించమని కూడా నలుగురి ముందే అడగండి. ‘నువ్వు ఉప్పు చూసుకుని ఉంటే’ లాంటి మాట అందులో రాకూడదు. మళ్లీ చేయి లేస్తోందని అనిపించినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేస్తే 24 గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. నెల రోజులు చూసినా నిద్ర కుదరకపోతే కడప రిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించుకోండి. షుగర్‌కు వెళ్లినట్టే దీనికీ వెళ్లండి, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

అప్పు గురించి ఆమెకు హోటల్లో చెప్పవద్దు, రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకునేటప్పుడు అసలే వద్దు. ఒకరోజు మధ్యాహ్నం పడుకుని లేచాక ఇద్దరూ దేవుని కడప వైపు నడుచుకుంటూ వెళ్లండి. గుడి దగ్గరో చెరువు గట్టునో కూర్చుని, నోటుపుస్తకం ఆమె చేతికి ఇవ్వండి. ఆమె కోప్పడవచ్చు, ఏడవచ్చు, ఇన్నాళ్లు ఎందుకు దాచావని పదిసార్లు అడగవచ్చు. పదిసార్లూ జవాబు చెప్పండి. ఆ సాయంత్రం హోటల్ గంట ఆలస్యంగా తెరిచినా పర్వాలేదు.