ఛాతీ ఆపరేషన్‌కు 95 వేలు: ఈఎంఐ తీసుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. గుంటూరులో మందుల గోడౌన్‌లో కార్టన్లు ఎత్తే పని చేస్తాను. చేతికి 27 వేలు వస్తాయి. ఇంటి ఖర్చులు పోగా నెలకు 7 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలో 60 వేలున్నాయి. పదో తరగతి నుంచీ ఛాతీ ఆడవాళ్లకులా ఎత్తుగా ఉంది. గైనకోమాస్టియా అన్నారు. ఒక క్లినిక్ వాళ్లు 95 వేలకు చేస్తామని, 12 నెలల లోన్ కూడా ఇప్పిస్తామని చెప్పారు. ఈ వారమే 10 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నారు. కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలకు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అడ్వాన్స్ కట్టకండి. ఇన్నేళ్లుగా ఉన్న సమస్య వారంలో పెరిగిపోదు. అలాగని మీ బాధ చిన్నదనీ అనను. చొక్కా విప్పడానికి జంకుతూ పదేళ్లు గడపడం మామూలు సంగతి కాదు. ఆపరేషన్ మీద ఖర్చు పెట్టడం దుబారా ఏమీ కాదు.

ముందు పరీక్షలు. టీనేజీలో వచ్చే గైనకోమాస్టియా చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. మీలా ఏళ్ల తరబడి ఉండిపోతే ఛాతీలోని గ్రంథి గట్టిపడి మందులకు పెద్దగా లొంగదు. అయినా ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) ఒకసారి కలవండి. థైరాయిడ్, లివర్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు రాస్తారు, అల్ట్రాసౌండ్ కూడా చేయించవచ్చు. జిమ్‌లో స్టెరాయిడ్లు వాడినా, బీపీకి, ఒంట్లో నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ లాంటి మందు వాడుతున్నా దాచకుండా చెప్పండి. అసలు కారణం అలాగే ఉంటే ఆపరేషన్ తర్వాత కూడా మళ్లీ పెరగొచ్చు, 95 వేలూ నీళ్లపాలవుతాయి. ఒకవైపే గట్టి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇక ఇన్సూరెన్స్. పాలసీల్లో ‘ఎక్స్‌క్లూజన్ 08’ అని ఒక షరతు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత శరీరాన్ని సరిచేయడానికైనా, ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికైనా తప్ప కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు ఇవ్వరు. ఆ ముప్పు ఉందని వైద్యం చేసే డాక్టరే ధ్రువీకరించాలి. గైనకోమాస్టియా క్లెయిములు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. హెచ్‌ఆర్ దగ్గర మీ పాలసీ కాపీ తీసుకుని ఈ షరతు చదవండి, గ్రూప్ పాలసీల్లో ఒక్కోసారి సడలింపు ఉంటుంది. అవకాశం కనిపిస్తే రిపోర్టులు జతచేసి ఆపరేషన్‌కు ముందే ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అర్జీ పంపించమని ఆసుపత్రి వాళ్లకు చెప్పండి. లేని నొప్పి రాయించుకోకండి, బయటపడితే క్లెయిమూ పోతుంది, ఉద్యోగం దగ్గర పేరూ పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ కాదంటే ఏ షరతు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ఈ ఆపరేషన్ కోసమని ఇప్పుడు సొంత పాలసీ కొనడం మాత్రం దండగ. ముందు నుంచీ ఉన్న జబ్బుకు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆ తర్వాత కూడా ఇదే షరతు అడ్డొస్తుంది.

కాబట్టి సొంత డబ్బుతోనే అనుకుని లెక్క వేద్దాం. 95 వేలకు 14 శాతం వడ్డీతో 12 నెలల లోన్ అనుకుంటే ఈఎంఐ సుమారు 8,530 రూపాయలు. మీకు మిగిలేదే 7 వేలు! వడ్డీ సుమారు 7,350, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే జీఎస్టీతో మరో 2,242. వడ్డీ లేని ‘నో కాస్ట్’ ఈఎంఐ అని క్లినిక్ వాళ్లు చెబితే, రొక్కం కడితే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి. వడ్డీ సాధారణంగా అక్కడే దాగి ఉంటుంది.

ఎవరూ చెప్పని ఖర్చు మరొకటి ఉంది. ఆపరేషన్ తర్వాత సుమారు 4 నుంచి 6 వారాలు బరువులు ఎత్తకూడదు. మీ పనేమో కార్టన్లు ఎత్తడం. జీతం లేని సెలవు పెడితే మరో 27 వేలు పోయినట్టే. తొందరపడి బరువు ఎత్తితే లోపల రక్తం గడ్డకట్టి మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సి రావచ్చు. అందుకే సర్జన్ దగ్గర ‘బరువు ఎత్తరాదు’ అని తేదీలతో లెటర్ తీసుకుని, ఆ నెల బిల్లింగ్‌లోనో చెకింగ్‌లోనో వేయమని సూపర్‌వైజర్‌ను ముందుగానే అడగండి. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.

నా లెక్క ఇది. ఆ 7 వేలు 11 నెలలు ఆర్‌డీలో వేస్తే 77 వేలు, ఎఫ్‌డీతో కలిపి 1,37,000. ఆపరేషన్, పరీక్షలు, ప్రెజర్ వెస్టులకు (ఆపరేషన్ తర్వాత ఛాతీని బిగించి ఉంచే బనియన్లు) లక్షా 5 వేలు పోయినా అత్యవసరానికి 32 వేలు మిగులుతాయి. ఈలోగా బరువు కూడా నిలకడగా ఉంచుకోండి, ఆపరేషన్ తర్వాత లావెక్కితే ఛాతీలో మళ్లీ కొవ్వు చేరుతుంది. అంతకాలం ఆగలేనంటే విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల ప్లాస్టిక్ సర్జరీ ఓపీలో చూపించుకోండి.

క్లినిక్‌ను మాత్రం కొన్ని సంగతులు కాగితం మీద రాసివ్వమనండి. 95 వేలలో మత్తు డాక్టరు ఫీజు ఉందా? లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) ఒక్కటేనా, గ్రంథి కూడా తీస్తారా? గ్రంథి మిగిలిపోతే ఎత్తు అలాగే ఉంటుంది. తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపుతారా? వెస్టులు రెండు ఇస్తారా? ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది వేసుకోవాలి. రక్తం చేరి మళ్లీ చేయాల్సివస్తే ఖర్చు ఎవరిది? జీఎస్టీ కలిపే చెప్పారా? అందం కోసం చేసే సర్జరీ మీద 18 శాతం పడుతుంది, 95 వేల మీద అది 17,100. ఎదుగుదల లోపాన్ని సరిచేసే సర్జరీకి చట్టంలో మినహాయింపు ఉంది. బిల్లు ఏ పద్దు కింద వేస్తారో అడ్వాన్స్ కట్టకముందే తేల్చుకోండి.