పాత మోరిస్‌కి ఏ పెయింటు వేయించాలి?

ఇంగ్లండులో కాస్త కుదురుకున్నాక మనవాళ్ళలో కొందరి చూపు పాత కార్ల మీదికి మళ్ళుతుంది. అమ్మకానికి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ కనిపించిందంటే ఇక ఆగలేరు. ఆగలేకపోవడం సహజమే, అది మన అంబాసిడర్‌కి మాతృక. 1956 నుంచి 1959 దాకా ఆక్స్‌ఫర్డ్ ఊరి అంచున కౌలీలో తయారైన కారు అది. దాన్నే హిందుస్తాన్ మోటార్స్ తీసుకుని బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా 2014 దాకా తయారుచేసింది. కారు ఇంటికి చేరాక వచ్చే మొదటి ఫోను దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, దీనికి ఏ పెయింటు మంచిది?"

ఏది ఎక్కువ మెరుస్తుందో చూసి ఎంచుకోకండి. స్ప్రే ఎవరు కొడతారు, ఎక్కడ కొడతారు, ఇప్పుడు కారు మీద ఏముంది అన్నవి తేలితే పెయింటు దానంతట అదే తేలుతుంది.

మన గ్యారేజీలో మనమే కొట్టుకోవాలన్న సరదా ఉంటే సెల్యులోజ్ ఒక్కటే దారి. మన దగ్గర పెద్దవాళ్ళు డ్యూకో అనేది ఈ రకాన్నే. థిన్నర్ ఆవిరైపోతే చాలు, ఆరిపోతుంది. లోపల రసాయన చర్య ఏదీ జరగదు. అందుకే ఎన్నేళ్ళయినా థిన్నర్ తగిలితే నీళ్ళలో బెల్లంలా మళ్ళీ కరుగుతుంది. నేర్చుకునేవాడికి ఇదే వరం. పెయింటు కారిందా, దుమ్ము పడిందా, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్ది పైన ఇంకో పూత వేస్తే పాత పూతలో కలిసిపోతుంది. అయితే ఓపిక కావాలి. సగానికి సగం థిన్నర్ కలిపి పల్చటి పూతలు చాలా వేయాలి, చివర్లో రుద్ది పాలిష్ పట్టాలి. నెలలు గడిచేకొద్దీ కాస్త కుంగుతుంది, పెట్రోలు ఒలికితే మచ్చపడుతుంది.

బ్రిటన్ వాతావరణం దీనికి శత్రువు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పెయింటు మీదికి దిగి తెల్లటి మసకలా పట్టేస్తుంది. బ్లూమింగ్ అంటారు. యాంటీ బ్లూమ్ థిన్నర్ కొంత కాపాడుతుంది కానీ నవంబరులో తలుపులు మూసుకుని చేసే పని కాదిది. వేసవిలో పొడి రోజు కోసం ఆగండి. గ్యారేజీలో గ్యాస్ బాయిలర్ ఉంటే అక్కడ అసలు వద్దు, ఆ ఆవిరి మంట అంటుకుంటుంది.

సెల్యులోజ్ ఇప్పటికీ దొరుకుతుందా అని అడుగుతారు. 2007 జనవరి నుంచి ఇక్కడ కార్ల రీఫినిష్ పెయింట్లలో ఆవిరైపోయే సాల్వెంట్ల మీద పరిమితి ఉంది, పై పూతకి లీటరుకు 420 గ్రాములు. సెల్యులోజ్ అందులో ఇమడదు. కాకపోతే పాత వాహనాల పునరుద్ధరణకి మినహాయింపు ఉంచారు. దేనికి వాడతారని దుకాణంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక టూ ప్యాక్. బాడీ షాపులో డబ్బిచ్చి చేయించుకునేట్టయితే నా ఓటు దీనికే. పెయింటులో హార్డెనర్ కలిపితే రెండూ రసాయనికంగా ముడిపడి గట్టిపడతాయి. పెట్రోలుకీ ఎండకీ వానకీ తట్టుకుంటుంది, పాలిష్ పని తక్కువ. ఈ మెరుపు చూసే కొత్తవాళ్ళు ఇంట్లోనే టూ ప్యాక్ కొడదామని కంప్రెసర్ కొంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు వచ్చే సన్నటి తుంపర కంటికి కనబడదు, వాసనతో పసిగట్టలేం. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం వస్తుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే తర్వాత ఏ కొంచెం తగిలినా ఆయాసం తిరగబెడుతుంది, పెయింటు వృత్తే వదులుకోవాల్సి వస్తుంది. వృత్తి వల్ల వచ్చే ఉబ్బసానికి ఈ దేశంలో ప్రధాన కారణాల్లో ఇదొకటని ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెబుతుంది. బొగ్గు ఫిల్టరు మాస్కు దీనికి చాలదు. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా వచ్చే మాస్కు కావాలి, గాలిని లాగేసే బూత్ కావాలి, స్ప్రే ఆపాక కూడా బూత్ గాలి శుభ్రపడేదాకా మాస్కు ఎత్తకూడదు. మన ఊళ్ళో టింకరింగ్ షాపులో పెయింటరు మూతికి కర్చీఫు కట్టుకుని కొట్టడం చూసి పెరిగాం కాబట్టి మనకిది పెద్ద విషయంగా అనిపించదు. కానీ గ్యారేజీ పైనే పిల్లల పడకగది ఉండే ఇళ్ళు ఇక్కడ ఎన్నో. అడుగున బటన్ నొక్కి హార్డెనర్ విడుదల చేసే టూకే (అంటే టూ ప్యాక్) స్ప్రే డబ్బాల్లోనూ సాధారణంగా ఇదే రసాయనం ఉంటుంది.

సింథటిక్ ఎనామెల్ గురించి రెండు మాటలు చాలు. చవక, బ్రష్‌తోనూ వేయొచ్చు, ట్రాక్టర్లకీ పాత ల్యాండ్‌రోవర్లకీ బాగుంటుంది. మోరిస్ లాంటి కారుకి నేను వేయించను. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి దుమ్మంతా పట్టుకుంటుంది, తర్వాత సరిచేయడం కష్టం.

అసలు పని చెడేది ఎక్కువగా కింద ఉన్న పాత పొర వల్ల. అరవై ఏళ్ళు దాటిన కారు ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం పూశారో తెలియదు. డిక్కీ లోపల కనబడని చోట తెల్లగుడ్డతో కాస్త సెల్యులోజ్ థిన్నర్ రుద్ది చూడండి. రంగు గుడ్డకి వస్తే అది సెల్యులోజ్ రకం. ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే టూ ప్యాక్ అయ్యుండొచ్చు, ఓవెన్‌లో కాల్చిన పెయింటూ కావచ్చు. ఎనామెల్ మీద నేరుగా సెల్యులోజ్ కొట్టారంటే కింద పొర లేచిపోతుంది, పనంతా మళ్ళీ మొదటికే. పొరలు మందంగా పేరుకుని పగుళ్ళు కనిపిస్తుంటే రేకు దాకా గీకించడమే మేలు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, పొడిగా ఉప్పుకాగితం పట్టకండి, తడిపి రుద్దండి. రేకు బయటపడిన రోజే తుప్పుని ఆపే అడుగు పూత, ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. ఈ తేమలో తుప్పు ఒక్క రాత్రి కూడా ఆగదు. లప్పం ఆ ఎపాక్సీ మీద పెట్టొచ్చు కానీ ఆసిడ్‌తో రేకుని కొరికి పట్టుకునే ఆసిడ్ ఎచ్ ప్రైమర్ మీద మాత్రం పెట్టనివ్వకండి, పట్టు నిలవదు.

షాపువాళ్ళు రంగు పూత (బేస్ కోట్) వేసి పైన రంగులేని మెరుపు పూత (క్లియర్ లాకర్) కొడతామంటారు. మెటాలిక్ రంగుకి అది తప్పదు. పాత మోరిస్‌కి వేసే సాదా రంగుకి మాత్రం అక్కర్లేదు, డైరెక్ట్ గ్లాస్, అంటే పైన లాకర్ లేకుండానే మెరిసే టూ ప్యాక్ అడగండి. లాకర్ కింద ఆ కాలపు రంగు కొత్త ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. పైగా రేపు గీత పడితే డైరెక్ట్ గ్లాస్‌ని పాలిష్‌తో సరిచేసుకోవడం సులువు.

రంగు పేరుతో కాక కోడ్‌తో అడగండి. మోరిస్‌ని తయారుచేసిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కార్లలో ఆ రోజుల్లో జీఎన్37 అంటే ఆల్మండ్ గ్రీన్, డబ్ల్యూటీ3 అంటే ఓల్డ్ ఇంగ్లిష్ వైట్. కోటేషన్ కాగితం మీద రాయించుకోండి: ఏ ప్రైమర్, ఎన్ని పూతలు, అద్దాలూ క్రోమ్ పట్టీలూ విప్పి చేస్తారా లేక టేపు వేసి కొడతారా. టేపు వేసి కొడితే ధర తగ్గుతుంది, కానీ ఆ పట్టీల అంచుల్లోంచే పెయింటు లేవడం మొదలవుతుంది. కారు రంగే మారుస్తున్నారంటే లాగ్‌బుక్ వీ5సీలో మార్పించమని వాహనాల నమోదు సంస్థ డీవీఎల్‌ఏకి తప్పక తెలపండి, దానికి రుసుము లేదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా అదే వారంలో చెప్పి, పని పూర్తయ్యాక తీసిన ఫొటోలు పంపి కారు విలువను మళ్ళీ రాయించుకోండి.