వేడెక్కిన జిప్సీ ఇంజను ర్యాలీకి పనికొస్తుందా?

ప్రశ్న: రేడియేటర్ లీకై, వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్‌కూ, సిలిండర్లుండే బ్లాకుకూ మధ్య వేసే పొర) కాలిపోయిన మా మారుతి జిప్సీ 1,298 సీసీ ఇంజనును కార్ల ర్యాలీ పోటీకి తయారు చేయించవచ్చాండీ?

జవాబు: చేయించవచ్చు, అయితే హెడ్‌నూ సిలిండర్లనూ పరీక్షించకముందే పిస్టన్లు కొనకండి. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది గనుక, శుభ్రం చేసిన దాని ముఖంపై సూటిగా ఉన్న ఉక్కు పట్టీని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి, కిందికి సందును కొలిచే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకు దూరుతుందేమో చూడమనండి. దూరితే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించాలి. పగులు కనబడితే ఆ హెడ్‌ను వదిలేయడమే మేలు. సిలిండర్లలో గీతలుంటే 74 మిల్లీమీటర్ల బోరును (సిలిండర్ లోపలి వ్యాసాన్ని) 74.5కు పెంచవచ్చు గానీ, లేత్ షాపువారు ఎంత ఊరించినా, దానితో పెరిగేది సుమారు 18 సీసీలే కాబట్టి అది బ్లాకును బతికించే పనే తప్ప బలం పెంచే పని కాదు. బలం కావాలంటే హెడ్‌లోని గాలి దారులపైనా, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌పైనా ఖర్చు పెట్టండి. కనెక్టింగ్ రాడ్ బేరింగులు మాత్రం చూడడానికి బాగున్నా కొత్తవే వేయించండి.