బడి ల్యాబును వికీపీడియా ఆపేసింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాల. మా పిల్లలు కంప్యూటర్ ల్యాబులో తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరిచి, గ్రామ ప్రముఖుల్లో తమ దోస్తుల పేర్లు రాశారు. పక్క ఊరి పేజీలో వెటకారాలు రాశారు. ఇప్పుడు ఏ సిస్టమ్‌లో ‘సవరించు’ నొక్కినా నిరోధం ఉందని వస్తోంది. ఎవరు చేశారో పట్టుకోమని, వికీని ల్యాబులో పూర్తిగా తీసేయమని హెడ్మాస్టరు గారు ఒకటే టెన్షన్ పడుతున్నారు.
– ఒక కంప్యూటర్ ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు హెడ్మాస్టరు గారిని కాస్త కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. నిరోధం రాతకే, చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు. అది మీ బడి మీద కేసూ కాదు. పేజీ పాడవకుండా వేసే గడియ, అంతే.

రాత్రి భోజనమయ్యాక వికీలో అప్పుడప్పుడే జరిగిన సవరణలు కనిపించే ‘ఇటీవలి మార్పులు’ పేజీ చూడటం నాకు అలవాటు. బడి నుంచి వచ్చే రాతలు ఇట్టే తెలిసిపోతాయి. ఆదివారాలు ఉండవు. ఒక పీరియడంతా వరసగా పడతాయి, బెల్లు కొట్టగానే ఆగిపోతాయి. సినిమా హీరో పేజీలో చెత్త రాస్తే నిమిషాల్లో ఎవరో ఒకరు తీసేస్తారు, ఎందుకంటే మార్పులు గమనించడానికి పెట్టుకునే ‘వీక్షణ జాబితా’లో ఆ పేజీని చాలామంది చేర్చుకుని ఉంటారు. మీ ఊరి పేజీని అంతగా కనిపెట్టుకుని ఉండేదెవరు? ఎనిమిదో తరగతి కుర్రాడు ‘గ్రామ ప్రముఖుడి’గా నెలల తరబడి వెలిగిపోగలడు. అందుకే ఊళ్ళ పేజీల్లో అల్లరి చూస్తే నిర్వాహకులు, అంటే నిరోధించే అధికారం ఉన్న వికీ వాడుకరులు, త్వరగా నిరోధిస్తారు.

ల్యాబు మొత్తం ఆగిపోవడానికి కారణం మీ కనెక్షన్. ముప్పై కంప్యూటర్లున్నా బయటికి కనిపించే ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు, ఒక్కటే. ఒకడి అల్లరికి అందరూ ఆగాల్సిందే. 2007 కొత్త సంవత్సరం రోజుల్లో ఇంగ్లీషు వికీలో ఒక ఐపీని నిరోధిస్తే దాదాపు ఖతార్ దేశమంతా ఆగిపోయింది. అక్కడివాళ్ళ ఇంటర్నెట్ అంతా ఆ ఒక్క చిరునామా గుండానే నడిచేది మరి. తెలిసిన వెంటనే దాన్ని ఎత్తేశారనుకోండి.

ఇక పట్టుకోవడం సంగతి. వికీ వైపు నుంచి చూస్తే ఏ పిల్లవాడో తెలియదు. లాగిన్ కాకుండా రాసేవాళ్ళ ఐపీ ఒకప్పుడు అందరికీ కనిపించేది. 2024 చివరి నుంచి వికీపీడియాలు ఒక్కొక్కటిగా తాత్కాలిక ఖాతాల పద్ధతికి మారుతూ వచ్చాయి. లాగిన్ కాకుండా రాసేవాళ్ళకు వికీయే ఇచ్చే ఆ ఖాతా, బ్రౌజర్‌లో దాచే కుకీ అనే చిన్న గుర్తుకు కట్టుబడి 90 రోజులు ఉంటుంది. ఐపీని నిర్వాహకులూ, అనుమతి ఉన్న కొద్దిమందీ మాత్రమే చూడగలరు. ల్యాబులో దీంతో ఒక చిక్కుంది. ఉదయం ఏడో తరగతివాడు చేసిన అల్లరికి వచ్చిన హెచ్చరిక, మధ్యాహ్నం అదే సిస్టమ్ ముందు కూర్చున్న పదో తరగతి అమ్మాయికి కనిపిస్తుంది. ఆ హెచ్చరిక చూసి ఆ పిల్లను నిలబెట్టకండి. నన్నడిగితే ఈ పట్టుకునే పనే వదిలేయండి. పాత రాతలు పేజీ ‘చరిత్ర’లో ఉంటాయి, అక్కడ ‘రద్దుచెయ్యి’ నొక్కితే పేజీలోంచి పోతాయి. ఇప్పటికే ఎవరో నొక్కి ఉంటారు కూడా.

మీరు చేయాల్సింది, నిరోధం తీసేయమని అడగడం కాదు. మీ సొంత ఖాతాతో, మీ ఇంటి నుంచో ఫోన్ నుంచో, నిరోధం వేసిన నిర్వాహకుడి చర్చ పేజీలో రాయండి: ఇది బడి కనెక్షన్, లాగిన్ కానివాళ్ళ రాతను ఆపే ఉంచండి, ఖాతా ఉన్నవాళ్ళను మాత్రం రాయనివ్వండి అని. ఆ వెసులుబాటు వికీలో ఉంది. బడే ముందుకొచ్చి ఇలా అడిగితే నిర్వాహకులకు ప్రాణం లేచొస్తుంది, చూడండి.

పిల్లలకు ఖాతాలు కావాలంటే ఒక ఐపీ నుంచి రోజుకు ఆరు మించి తెరవనివ్వదు. క్లాసంతా ఒకేసారి కూర్చుంటే ఏడోవాడి దగ్గర ఆగుతుంది. ముందే నిర్వాహకులకు చెప్పుకోండి, లేదా ఇంట్లో తెరుచుకు రమ్మనండి. వాడుకరి పేరులో పిల్లల అసలు పేరూ బడి పేరూ వద్దు. క్లాసంతటికీ కలిపి ఒకే ఖాతా అనే ఉపాయం అసలే వద్దు, అది నిబంధనలకు విరుద్ధం. మొదటి వారం వికీలో అభ్యాసానికి ఉండే ‘ప్రయోగశాల’ పేజీలో ఏం రాసుకున్నా పరవాలేదు. ఆ తర్వాత ఊరి చెరువు ఫొటో వాళ్ళే తీసి, వికీపీడియాలు వాడుకునే ఫొటోల భాండాగారం కామన్స్‌లోకి ఎక్కించమనండి. వెటకారం రాసిన చేతులకు కూడా ఆ పని నచ్చుతుంది.

లాగిన్ కాకుండా రాయడాన్నే నిషేధించరాదా అని మీ స్టాఫ్‌రూములో ఎవరో అంటారు. పోర్చుగీసు వికీపీడియా 2020లో ఆ పనే చేసింది. తెలుగుకు అది వద్దనే నా అభిప్రాయం. తప్పుగా పడిన ఊరి పేరును ఆ ఊరివాళ్ళు పలికే తీరులో దిద్దిపోయేది చాలాసార్లు ఖాతా లేని మనిషే.

ప్రశ్న: నేనెప్పుడూ వికీపీడియాలో ఒక్క అక్షరం రాయలేదు. మొన్న ఒక తప్పు దిద్దబోతే ‘మీరు నిరోధంలో ఉన్నారు’ అని వచ్చింది. మా అబ్బాయిని అనుమానించాలా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచుతాయి, అప్పుడప్పుడూ మారుస్తాయి కూడా. మీకంటే ముందు అది ఎవరి చేతిలో ఉందో! ఖాతా తెరుచుకుని లాగిన్ అయితే చాలావరకు పని జరుగుతుంది. అప్పటికీ ఆపితే ఫోన్‌లో ఉచిత వీపీఎన్ (అసలు చిరునామాను దాచే యాప్) ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. అలాంటి వాటిని వికీ మూకుమ్మడిగా నిరోధిస్తుంది. ఆ వీపీఎన్ ఎవరు పెట్టారన్నది మాత్రం అబ్బాయిని అడగొచ్చు.