పిల్లి అత్తమ్మ పరుపు మీదే ఎందుకు పోస్తోంది?

ప్రశ్న: మాది మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నాలుగేళ్ల మగ పిల్లి ఉంది, ఆపరేషన్ చేయించాం. ఇన్నాళ్లూ బుద్ధిగా లిట్టర్ బాక్స్‌లోనే పోసేది. నాకిప్పుడు నాలుగో నెల. తోడుగా ఉండటానికి రెండు నెలల కిందట అత్తమ్మ వచ్చారు. హాల్లో వాసన వస్తోందని బాక్స్‌ను యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కకు మార్పించి, లావెండర్ వాసన లిట్టర్ (బాక్స్‌లో పోసే ఇసుకలాంటి గింజలు) తెప్పించారు. మూడు వారాలుగా అది సోఫా మీద, మా మంచం మీద, ఇప్పుడు ఏకంగా అత్తమ్మ పరుపు మీద పోస్తోంది. 'నా మీద పగబట్టింది, కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లి వద్దు, చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రండి' అంటున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకు ఏడుపొస్తోంది.
– ఓ సోదరి

జవాబు: ముందు ఒక్క విషయం చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. మీ పిల్లికి మూత్రం ధారగా వస్తోందా? వీపు వంచి, తోక సాచి చాలాసేపు కూర్చుని, లేచాక చూస్తే రూపాయి బిళ్లంత తడే ఉందా? గంటలో నాలుగైదు సార్లు వెళ్తోందా? పోసేటప్పుడు అరుస్తోందా, పదేపదే కింద నాక్కుంటోందా, మూత్రం గులాబీ రంగులో ఉందా? మగ పిల్లికి మూత్రనాళం చాలా సన్నం. చిన్న రాయో, జిగురులాంటి ముద్దో అడ్డం పడితే పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్లండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి. మనం జ్వరానికి వేసుకునే ఆ ఒక్క బిళ్లే పిల్లి ప్రాణం తీస్తుంది.

అంత అత్యవసరం లేకపోయినా ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. మీకు దగ్గర్లో పిల్లుల్ని బాగా చూసే ప్రైవేటు క్లినిక్ ఉంటే అదీ మంచిదే. మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్ అడగండి. అది పోస్తుండగా ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది. ఈ వయసు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, ఇన్ఫెక్షనూ ఉండదు. బెదురు వల్ల, ఇంట్లో మార్పుల వల్ల మూత్రాశయం వాస్తుంది. ఆ వాపు వారంలో దానంతటదే తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. అందుకే పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ వేసి 'తగ్గిపోయింది' అనుకునేవాళ్లు ఎక్కువ.

ఇక పగ మాట. పిల్లికి అత్తమ్మ మీద కోపం లేదు. బాక్స్‌లో కూర్చున్నప్పుడు నొప్పి పుడితే అది నొప్పినీ బాక్స్‌నూ ముడిపెట్టుకుంటుంది. మెత్తగా, తడిని పీల్చుకునేలా, నిశ్శబ్దంగా ఉండే చోటు వెతుక్కుంటుంది. మీ ఇంట్లో అలాంటివి సోఫా, రెండు పరుపులే. దానికి తోడు మీరు రాసిన వాటిలో రెండు తప్పులు కనిపిస్తున్నాయి. అవి తెలియక జరిగినవే.

మొదటిది యుటిలిటీ. అది పోస్తుండగా పక్కన మెషిన్ ఒక్కసారి స్పిన్‌లోకి వెళ్లి గడగడలాడితే చాలు, మళ్లీ అక్కడికి వెళ్లడానికి వెనకాడుతుంది. పైగా పనమ్మాయి లోపల ఉండి తలుపు వేసుకుందంటే దానికి దారే లేదు. రెండోది లావెండర్. మనకు పూలతోటలా అనిపించే వాసన, మన ముక్కు కన్నా ఎన్నో రెట్లు చురుకైన దాని ముక్కుకు ఘాటు.

బాక్స్‌ను ఇవాళే హాల్లో పాత మూలకు తెచ్చేయండి. అదనంగా రెండో బాక్స్ పెట్టండి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ఉండాలన్నది లెక్క. దీన్ని మీ బెడ్‌రూమ్‌లో, అది పోసిన మంచానికి దగ్గర్లో పెట్టండి. పెట్ షాపుల్లో దొరికే ట్రేలు ఎదిగిన మగ పిల్లికి ఇరుకు. ముక్కు నుంచి తోక మొదలు దాకా దాని పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. బేగంబజార్‌లో బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బులు దొరుకుతాయి. అరవై సెంటీమీటర్ల పొడవు, నలభై వెడల్పు ఉన్నది తీసుకుని, ఒక పక్క నేల నుంచి పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు మిగిలేలా కోసి, ఆ అంచుకు టేప్ అంటించండి. మూత వద్దు, వాసనంతా లోపలే ఉండిపోతుంది. ఏ వాసనా లేని, మూత్రం తగిలితే ముద్దకట్టే సన్నరకం లిట్టర్ ఐదు సెంటీమీటర్ల మందాన పోయండి. అంత టబ్బుకు పది కిలోల బస్తా ఒకటి దాదాపు సరిపోతుంది. అన్నం గిన్నె, నీళ్ల గిన్నె బాక్స్ పక్కన ఉండకూడదు.

ముద్దలు రోజూ రెండుసార్లు తీయాలి. తీసేటప్పుడే లెక్క చూడండి. రోజుకు రెండు నుంచి నాలుగు ముద్దలు, నిమ్మకాయంతో అంతకన్నా కాస్త పెద్దవో ఉంటే సరే. గోళీలంతవి చాలా కనిపిస్తే, లేదా ఒక్కటీ లేకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికే. రెండు వారాలు తప్పులేకుండా గడిచాక, హాల్లో బాక్స్ అడ్డమనిపిస్తే రోజుకు జానెడు చొప్పున జరుపుకుంటూ వెళ్లండి. పొడి గింజల తిండి తగ్గించి తడి ఆహారం పెంచండి, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. మూత్రం పలచబడితే మూత్రాశయానికి మంట తగ్గుతుంది.

గోడల మీద, కర్టెన్ల మీద నిలువుగా చారలుంటే మాత్రం సంగతి వేరు. తన హద్దు చాటుకోవడానికి నిలబడి తోక వణికిస్తూ చిమ్మడమది. బాల్కనీ దగ్గరికి వీధి గండుపిల్లి వస్తోందేమో చూసి, కిటికీ కింది భాగానికి కాగితం అంటించండి.

శుభ్రం చేయడంలోనే చాలా ఇళ్లు ఓడిపోతాయి. మూత్రంలోని యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్లకు, సబ్బుకు కరగవు. ఎండాకాలం పోయిందనుకున్న వాసన జూలై ముసురు పట్టగానే మళ్లీ లేస్తుంది. పిల్లి అది పసిగట్టి అక్కడే పోస్తుంది. దీనికి ఆ స్ఫటికాలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ కావాలి. పరుపుకైతే ముందు పాత టవల్‌తో గట్టిగా అద్దండి, రుద్దకండి. తర్వాత మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు క్లీనర్ దిగేలా పోయండి. పైపైన స్ప్రే చేస్తే లాభం లేదు. సీసా మీద రాసినంత సేపు, కనీసం పావుగంట, ప్లాస్టిక్ కప్పి ఉంచి, మళ్లీ అద్ది, ఫ్యాన్ కింద ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. అక్కడ ముందే సబ్బో ఫినాయిలో వాడి ఉంటే మామూలు నీళ్లతో కడిగేయండి, అవి ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు.

ఇంట్లో ఫినాయిల్ వేసి తుడిపిస్తుంటే ఆపించండి. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పిల్లి కాళ్లకంటి, అది నాక్కున్నప్పుడు కడుపులోకి వెళ్తాయి. వాటిని అరిగించే శక్తి దాని కాలేయానికి లేదు. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ అసలే వద్దు, వచ్చే ఆవిరి మీకూ మంచిది కాదు. నేలకు సబ్బు నీళ్లు చాలు.

అత్తమ్మ భయం అర్థం లేనిది కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లుల ద్వారా సోకవచ్చు, గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. అయితే అది ఉండేది మలంలో, మూత్రంలో కాదు. పిల్లికి మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాలే బయటికొస్తుంది. వచ్చాక కూడా కనీసం ఒక రోజు గడిస్తేగానీ సోకే దశకు చేరదు. ఇంట్లోనే ఉండి, పచ్చి మాంసం తినని పిల్లితో ప్రమాదం చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, కుండీల మట్టి నుంచే ఎక్కువ జాగ్రత్త కావాలి. మీ గైనకాలజిస్టును టాక్సోప్లాస్మా రక్తపరీక్ష గురించి అడగండి. ఆ రోజు అత్తమ్మనూ వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే వాదన అవుతుంది, డాక్టరమ్మ చెబితే ధైర్యం కలుగుతుంది.

లిట్టర్ పని మీరు ముట్టుకోవద్దు. అది మీ ఆయన పని. ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి, అయిదేసి నిమిషాలు. 'మీ అమ్మకు చెప్పండి' అని ఆయన్ని అడగకండి, 'ఈ పని మీరు చేయండి' అని అడగండి. మాట్లాడలేని మనిషికి చేయడానికి పని దొరికితే ఊపిరాడుతుంది. కొడుకు వంగి బాక్స్ శుభ్రం చేయడం కళ్లారా చూస్తే, పిల్లి బరువు కోడలి మీద పడుతోందన్న ఆమె దిగులు కూడా కొంత తగ్గుతుంది.

అత్తమ్మతో మీరే మాట్లాడండి. పరుపు పాడైనందుకు ముందు క్షమాపణ చెప్పండి, అది ఆమె పడుకునే చోటు. ఆ పరుపుకు వాటర్‌ప్రూఫ్ కవర్ తొడిగించి, ఆ గది తలుపు మూసే ఉంచండి. 'అత్తమ్మా, ఆరు వారాలు చూద్దాం, డాక్టర్‌కు చూపిస్తున్నాం' అని గడువు పెట్టి అడగండి. చేపల మార్కెట్ దగ్గర వదలడం గురించి కూడా మెత్తగానే చెప్పండి. ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడ కుక్కలకు, బండ్లకు తట్టుకోలేదు. ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. వైద్యం, బాక్సులు అన్నీ సరిచేసినా ఆరు వారాలకు దారికి రాకపోతే, పుట్టింటివాళ్లకో, పిల్లుల్ని పెంచిన స్నేహితులకో ఉన్న సంగతి దాచకుండా చెప్పి అప్పగించవచ్చు. అది ఓటమి కాదు.

అన్నీ కుదుటపడితే ఇంకో జాగ్రత్త. ఏడో నెలలోనే ఉయ్యాల, పాపాయి బట్టలు తెచ్చి పెట్టి, ఆ గది తలుపు మూసేయడం అలవాటు చేయండి. బాక్సులు మార్చాలంటే అప్పటికల్లా మార్చేయండి. బిడ్డను ఇంటికి తెచ్చిన వారంలో వాటిని కదిలించకండి.