పేరు మార్చినంత మాత్రాన బాలిక గుర్తింపు దాగదు

లైంగిక హింసకు గురైన బాలిక పేరు మార్చి, నిందితుడి పేరును, అతడు ఆమెకు మేనమామ అన్న సంగతిని కథనంలో ఉంచవచ్చా అని మీరు అడిగారు. ఉంచకూడదు, ఆ రెండూ ఒకేచోట కనబడితే ఆ కుటుంబాన్ని ఎరిగిన ప్రతి ఒక్కరికీ బాలిక ఎవరో తెలిసిపోతుంది. నిందితుడి పేరు ప్రచురించదలిస్తే బంధుత్వాన్ని వదిలేయండి. దగ్గరివారే నమ్మకాన్ని ఎలా దుర్వినియోగం చేస్తారో చెప్పడమే మీ ఉద్దేశమైతే అతడి పేరు, ఊరు, వృత్తి తీసివేసి బంధుత్వాన్ని మాత్రమే ఉంచండి. అయితే మరో పత్రిక ఇప్పటికే అతడి పేరు రాసి ఉంటే, పాఠకులు రెండు వార్తలనూ కలిపి చదువుకుంటారు కనుక, ప్రచురణకు ముందు ఇతర కథనాలతో పాటు మీ పాత వార్తలను, ఫొటోల కింది వ్యాఖ్యలను కూడా తప్పక పరిశీలించండి.

లైంగిక హింసకు గురైన పిల్లల పేరు మార్చాలని, రూపాన్ని గుర్తుపట్టకుండా చేయాలని యునిసెఫ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లి అనుమతి ఇచ్చినా దీన్ని సడలించకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ కథనం ఇంటర్నెట్‌లో ఉండగానే ఆ బాలిక పెద్దదవుతుంది.

మోకాళ్లలో తల దాచుకున్న పాప బొమ్మ (అందరూ అదే వాడతారు) అనవసరం. దాడి జరిగిన తీరును వర్ణించడం అంతకన్నా అనవసరం. చివర్లో సహాయవాణి నంబరు ఇస్తే, అది పనిచేస్తోందో లేదో ముందుగా ఫోన్ చేసి చూడండి.