ఇన్‌కం ట్యాక్స్ లేదు, అయినా జీతం చాలట్లేదు ఎందుకు?

పన్నెండు లక్షల దాకా ఇన్‌కం ట్యాక్సే లేదు కదా, ఇంకా మధ్యతరగతికి భారం ఏమిటి అని చాలామంది అడుగుతుంటారు. నా ఇంటి లెక్క చెప్తాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడ ఒక బియ్యం హోల్‌సేల్ షాపులో పదకొండేళ్లుగా అకౌంట్స్ రాస్తున్నాను, నెల జీతం 46,000. వాళ్లన్నట్టు ఇన్‌కం ట్యాక్స్ ఏమీ పడదు, ప్రొఫెషనల్ ట్యాక్స్ ఏడాదికి 2,500 పోతుంది, దాని గురించి నాకు బాధ లేదు. రోజూ బిల్లులు కొట్టేవాడిని కాబట్టి నాకు తెలిసింది, మన జేబు ఖాళీ చేసేది బిల్లు అడుగున ఉండే పన్ను.

బియ్యమే చూడండి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకు తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ. తర్వాత కొన్నాళ్లకే 26 కిలోల బస్తాలు దిగాయి, ఎందుకంటే 25 దాటితే పన్ను లేదు. 1,500 రూపాయల సరుకు మీద 75 రూపాయలు మిగులుతాయి. బస్తా ఒకేసారి కొనగలిగినవాళ్లకి అది మిగిలింది, ఐదు కిలోల ప్యాకెట్ పట్టుకెళ్లేవాళ్లు మాత్రం కడుతూనే ఉన్నారు. ఇరవయ్యో తారీఖు దాటాక మా కౌంటర్ మీద ప్యాకెట్లే ఎక్కువ పోతాయి. ఒక ప్రైవేటు స్కూల్ మాస్టారు, ఒకప్పుడు రిక్షా మీద రెండు బస్తాలు వేయించుకు వెళ్లేవారు, ఇప్పుడు చేతిసంచీలో ఐదు కిలోలు పెట్టుకుని, పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగి డబ్బులిస్తారు. ఆ బిల్లు కొట్టడానికి నాకు చెయ్యి రాదు.

మా అబ్బాయిని విశాఖపట్నంలో కోచింగ్‌లో వేశాం. ఫీజు 90,000 అన్నారు, దానికే అప్పు చేశాను, తీరా రసీదు చూస్తే దాని మీద 18 శాతం, ఇంకో 16,200. పిల్లవాడి చదువు మీద అంత పన్ను ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఇది తీసేయాలని గట్టిగా అంటాను.

అమ్మానాన్నల హెల్త్ పాలసీ 32,000, జీఎస్టీతో 37,760 కట్టేవాడిని. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద పన్ను తీసేశారంటే నిజంగా సంతోషించాం. రెన్యువల్‌కి వచ్చేసరికి కంపెనీ ప్రీమియమే 36,400 చేసింది. మిగిలింది 1,360. నాన్న బీపీ, షుగర్ మాత్రలకి నెల కూడా రాదది.

పెట్రోలు మాటకొస్తే, ఆంధ్ర కంటే ఇక్కడ చవకని పాతపట్నం నుంచి బళ్లు మా ఊరి బంకులకి వస్తాయి. అది జీఎస్టీలోకే రాలేదు, ఎక్సైజ్ కేంద్రానిది, వ్యాట్ రాష్ట్రానిది, అందుకే గీత దాటితే ధర మారిపోతుంది.

ఇక పథకాలు. ఇక్కడి సుభద్రలో ఆడవాళ్లకి ఏడాదికి 10,000 ఇస్తున్నారు, రేషన్ కార్డు లేనివాళ్లకి కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, మాకు దాటింది. పాతపట్నంలో మా మరదలికి పిల్లల చదువుకి తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, మాది ఒడిశా కాబట్టి అదీ లేదు. ఇస్తున్నవాళ్లకి ఇవ్వొద్దని నేను అనను, వాళ్ల అవసరం నేను కళ్లారా చూస్తున్నాను. కానీ సాయం దగ్గరికొస్తే మేము ఉన్నవాళ్లం, ఖర్చు దగ్గరికొస్తే లేనివాళ్లం.

మా ఆవిడ గాజులు పోయినేడు బ్యాంకులో పెట్టాం, కోచింగ్ అప్పుకే. జూన్‌లో రెండో ఏడాది ఫీజు కట్టాలి. 90,000 వరకు మా బావ సర్దుతానన్నాడు, ఆ పైన 16,200 కోసం చీటీ పాడదామా అని నిన్న రాత్రి కూడా ఇద్దరం లెక్క వేసుకున్నాం.